కరెంటు పోయొచ్చాక స్లర్మ్ నోడ్లు డ్రెయిన్‌లోనే, రెజ్యూమ్ కొట్టినా నిలబడట్లేదు

క్యూలో_మూడోవాడు:
గచ్చిబౌలి ల్యాబ్‌లో 12 నోడ్ల (కంప్యూటర్ల) స్లర్మ్ క్లస్టర్ (స్లర్మ్ అంటే జాబుల్ని క్యూలో పెట్టి నోడ్లకు పంచే సాఫ్ట్‌వేర్), ఒక్కోదానికి 256 జీబీ ర్యామ్. నిన్న కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. మళ్లీ ఆన్ చేస్తే 9 నుంచి 12 దాకా నోడ్లు డ్రెయిన్ (కొత్త జాబులు తీసుకోని స్థితి), 3 కూడా అంతే. 7 మాత్రం డౌన్, పక్కన నక్షత్రం గుర్తు. ఎస్‌కంట్రోల్ అప్‌డేట్‌తో రెజ్యూమ్ చేస్తే (మళ్లీ పనిలోకి తెస్తే) 9–12 వెంటనే మళ్లీ పడిపోతున్నాయి. ఆ నాలుగింటికీ కాన్ఫ్ ఫైల్లో పోయిన వారమే రియల్‌మెమరీ=262144 (ర్యామ్, ఎంబీల్లో) అని మార్చాం, డీమన్ (వెనక నడిచే స్లర్మ్ ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేయలేదు.

రాత్రిషిఫ్ట్:
రెజ్యూమ్ తర్వాత సంగతి అన్నా, ముందు ఎస్‌ఇన్ఫో మైనస్ పెద్ద ఆర్ కొట్టి కారణం చదవండి. 9–12కి "లో రియల్‌మెమరీ" అని ఉంటుంది చూడండి. 256ని 1024తో గుణించి రాశారు. కెర్నెల్, ఫర్మ్‌వేర్ తమ వాటా తీసేసుకున్నాక అంత మిగలదు. నోడ్ నమోదైనప్పుడు చెప్పే లెక్క కాన్ఫ్‌లో ఉన్నదానికంటే తక్కువైతే కంట్రోలర్ (నోడ్లన్నిటినీ అజమాయిషీ చేసే స్లర్మ్ ప్రోగ్రామ్) దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఎక్కువైతే పట్టించుకోదు. ఆ నోడ్ మీదే స్లర్మ్‌డీ మైనస్ పెద్ద సీ కొడితే అసలు సంఖ్య ఎంబీల్లో వస్తుంది. దానికంటే కాస్త తగ్గించి రాసి, ఫైల్ అన్ని నోడ్లకూ కాపీ చేసి, ఎస్‌కంట్రోల్ రీకాన్ఫిగర్, ఆ తర్వాత రెజ్యూమ్.

3కి "కిల్ టాస్క్ ఫెయిల్డ్" ఉంటే జాబు ప్రాసెస్ చావలేదని, ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్) వేలాడుతున్నట్టే. పీఎస్‌లో డీ స్టేట్ ప్రాసెస్ (జవాబు కోసం ఆగిపోయి, చంపినా చావనిది) కనిపిస్తే రీబూటే దిక్కు.

క్యూలో_మూడోవాడు:
9, 10, 11 మూడూ 257598 అంటున్నాయి. 12 మాత్రం 224830. నాలుగింటికీ 224000 పెట్టేయనా?

రాత్రిషిఫ్ట్:
వద్దు. తేడా దాదాపు 32 జీబీ, అంటే ఒక డిమ్ (ర్యామ్ కార్డు) కనిపించట్లేదు. డీఎమ్‌ఐడీకోడ్ మైనస్ టీ మెమరీతో ఏ స్లాట్ ఖాళీగా చూపిస్తోందో పట్టుకోండి. మూడింటికి 257000 పెట్టండి, 12ని డ్రెయిన్‌లోనే ఉంచి రీజన్‌లో డిమ్ స్లాట్ పేరు రాయండి. అందరికీ 224000 పెడితే రేపు ఇంకో డిమ్ పోయినా స్లర్మ్ కిక్కురుమనదు. ఇంకోటి, జాబులు నడుస్తున్న నోడ్‌ని ఆపాలంటే డ్రెయినే వాడండి. స్టేట్ డౌన్ పెడితే నడుస్తున్న జాబులన్నీ చస్తాయి.

మంజ్_తాళం:
7 సంగతి వేరే. నక్షత్రం అంటే కంట్రోలర్‌కి జవాబు రావట్లేదని. ఎస్‌ఎస్‌హెచ్ అవుతోంటే గడియారం చూడండి. నోడ్లు ఒకదాన్నొకటి నమ్మేది మంజ్ ఇచ్చే టైమ్ ముద్ర ఉన్న టోకెన్లతోనే. హెడ్ నోడ్ నుంచి మంజ్ మైనస్ ఎన్ ఔట్‌పుట్‌ని ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా 7లోని అన్‌మంజ్‌కి పైప్ చేయండి. "ఎక్స్‌పైర్డ్ క్రెడెన్షియల్" వస్తే 7 టైమ్ ముందుకెళ్లింది, "రీవౌండ్" వస్తే వెనకబడింది. మంజ్ డిఫాల్ట్ గడువు 300 సెకన్లే. తేడా సరిగ్గా అయిదున్నర గంటలుంటే బయోస్‌లో మన టైమ్ పెట్టారు, లినక్స్ దాన్ని యూటీసీ అనుకుంటోంది. క్రోనీసీ మేక్‌స్టెప్ (టైమ్ సరిచేస్తుంది), తర్వాత హెచ్‌డబ్ల్యూక్లాక్ సిస్‌టుహెచ్‌సీ (దాన్ని బయోస్ గడియారంలో రాస్తుంది), ఆపైన స్లర్మ్‌డీ రీస్టార్ట్. కాన్ఫ్‌లో రిటర్న్‌టుసర్వీస్ 0 అయితే చేత్తో రెజ్యూమ్ కొట్టాలి, 1 అయితే దానంతటదే వస్తుంది.

క్యూలో_మూడోవాడు:
ఎక్స్‌పైర్డే, తేడా అయిదున్నర గంటలే! 7 ఐడిల్‌లోకి (ఖాళీగా, జాబులకు సిద్ధంగా) వచ్చింది. 3 రీబూట్‌లో ఉంది.