కుటుంబ ప్రార్థనలో పన్నెండేళ్ల బాబు ప్రశ్నలకు చోటు ఎలా కల్పించాలి?

మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఒక పాట, బైబిల్‌లో ఒక అధ్యాయం, చివర అందరి ప్రార్థనతో ఇరవై నిమిషాల కుటుంబ ప్రార్థన జరుగుతుంది. ఆరేళ్ల పాపకు అభినయ గీతాలు ఉంటే చాలు. ఇబ్బంది పన్నెండేళ్ల బాబుతోనే.

యోబు గ్రంథం చివరి అధ్యాయంలో యోబుకు మళ్లీ ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగారని చదివినప్పుడు, "మరి మొదటి అధ్యాయంలో ఇల్లు కూలి చనిపోయిన పదిమంది పిల్లల సంగతేమిటి నాన్నా?" అని అడిగాడు. సండే స్కూల్‌లో అదే అడిగితే దేవుణ్ణి ప్రశ్నించకూడదన్నారట. అప్పటి నుంచి తన వంతు వచనం గబగబా చదివేసి, ఆమేన్ అనగానే లేచి వెళ్లిపోతున్నాడు. కంఠత వాక్యాల పోటీలో బహుమతి మాత్రం వాడిదే, కాబట్టి లోపం జ్ఞాపకశక్తిలో లేదు.

యోబును పక్కన పెట్టి మార్కు సువార్తకు మారాము, చదివే భాగాన్ని పది వచనాలకు తగ్గించాము, పాట ఎంచుకునే పని వాడికే అప్పగించాము, ఫలితం లేదు. పాస్టర్ గారు ఇంటికి వచ్చి ప్రార్థించారు గాని, ఆ ప్రశ్న జోలికి పోలేదు.

ఈ వయసు పిల్లలున్నవారు ఇటువంటి ప్రశ్నలను చిన్నపిల్లలు వింటుండగా ప్రార్థన సమయంలోనే చర్చిస్తున్నారా, లేక వేరే సమయం కేటాయిస్తున్నారా?