నుదురు పెద్దది, ఎడమ పక్క ఇంకా వెనక్కి పోయింది – ఏం చేయొచ్చు అక్కా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

నాకు 26 ఏళ్లు. చిన్నప్పటి నుంచే నుదురు పెద్దది. కనుబొమ్మల నడిమి నుంచి వెంట్రుకలు మొదలయ్యే దాకా టేపు పెట్టి కొలిస్తే 7.5 సెంటీమీటర్లు వచ్చింది. అంతకంటే ఎక్కువ బాధపెట్టేది ఎడమ కణత. కుడి పక్క వెంట్రుకలు గుండ్రంగ దిగుతయి, ఎడమ పక్క వేలు మందం లోపలికి పోయింది. బడికి పోయినన్నేళ్లు అమ్మ తలకు కొబ్బరినూనె పెట్టి రెండు మడత జడలు బిర్రుగ వేసేది. బస్సెక్కే దాకా కణతలు గుంజుతనే ఉండేవి. ఆ తర్వాత నర్సింగ్ కాలేజీల నాలుగేళ్లు గట్టి కొప్పు.

ఫాల్గుణంల పెళ్లి, ఇంక ఐదు నెలలే. పెళ్లిచూపుల నాడు వాళ్ల పెద్దమ్మ "పిల్ల మంచిగుంది గని నొసలు మస్తు పెద్దగున్నది" అన్నది. ఆ మాట మనసుల నుంచి పోతలేదు. మినాక్సిడిల్ (వెంట్రుకలు మొలవనీకి నెత్తికి రాసే మందు) పనిచేస్తదా? హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఆడవాళ్లు చేయించుకుంటరా?

జవాబు (దేవరకొండ, పార్లర్ నడుపుతున్న)

చెల్లే, పెళ్లి సంగతి నేను చెప్త. ట్రాన్స్‌ప్లాంట్ ఐదు నెలల్ల పూర్తి ఫలితం చూపించదు, ఆ తొందర మనసుల నుంచి తీసెయ్. మీ జుట్టు రంగు పౌడర్‌ను వాలు బ్రష్‌తో వెంట్రుకల మొదట్ల చుక్కలు చుక్కలుగ అద్దాలె. గీత గీసినట్టు దిద్దితే ఫొటోల పట్టిస్తది. నీళ్లకు చెదరనిది తీసుకో, ఎందుకంటే జీలకర్రబెల్లం తల మీద పెట్టినంక ఆ తడి నుదుటి మీదికి కారుతది. నేను ఒక పెండ్లికూతురికి మామూలు పౌడర్ వేసి, తలంబ్రాల టైముకు మళ్ల దిద్దవలసొచ్చింది. పాపిటబిళ్ల రెండు పక్కల గొలుసులుండేది తీసుకో, ఎడమ కణత దాని కింద సర్దుకుంటది. పూలజడ బరువు ముందు వెంట్రుకల మీద పడనీయకు, వెనక కిందికి ముడేసి దానికి కట్టమని చెప్పు.

జవాబు (మహబూబ్‌నగర్)

నేను నాలుగేళ్ల కింద ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న. నాకిప్పుడు 38. నీ వయసుల ఎవరన్న నాకు చెప్పి ఉంటే బాగుండు అనిపించినయి రాస్తున్న.

ముందు ఇది పుట్టుకతో వచ్చిన నుదురా, ఊడిపోతే పెద్దగైన నుదురా అన్నది తేల్చుకోవాలె. నీకు రెండూ కలిసినట్టుంది. వెలుతుర్ల అద్దం పెట్టుకొని ఎడమ కణత చూడు. వెనక్కి పోయిన చోటికి ముందు సన్నటి పొట్టి వెంట్రుకలు అంచు లెక్క మిగిలి ఉంటే, అది జడ గుంజుడు వల్ల వచ్చింది కావచ్చు. డాక్టర్లు దాన్ని ట్రాక్షన్ అలోపేషియా అంటరు. తొందరగ గుంజుడు ఆపితే చాలామందికి మళ్ల వస్తయి. ఏండ్ల తరబడి గుంజితే వేరు చచ్చిపోతది, అప్పుడు ఏ నూనె రాసినా రావు.

మినాక్సిడిల్ బతికున్న వేరుకే పనిచేస్తది. పుట్టుకతో వెంట్రుకలు లేని నున్నటి నుదుటి మీద కొత్త గీత దింపదు. మొదటి వారాల్ల కొంచెం ఊడుతయి, భయపడొద్దు. ఫలితం చూడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతది. మానేస్తే వచ్చినయి పోతయి. కడుపుతోని ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వాడొద్దు, పెళ్లి పెట్టుకున్నవు కాబట్టి ఇది డాక్టర్‌తో మాట్లాడు.

పుట్టుకతో పెద్దదైన నుదుటికి రెండు దారులున్నయి. ఒకటి నుదురు తగ్గించే సర్జరీ: వెంట్రుకల అంచున కోసి, నుదుటి తోలు కొంచెం తీసి, మాడు తోలును ముందుకు గుంజి కుడతరు. ఒక్కసారికే ఒకటి రెండు సెంటీమీటర్లు దిగుతది గని అంచున మచ్చ ఉంటది, నెత్తి కొన్ని నెలలు మొద్దుబారుతది. జుట్టు ఊడుతున్నవాళ్లకు అది వద్దు, తర్వాత మచ్చ బయటపడుతది. రెండోది నేను చేయించుకున్న ట్రాన్స్‌ప్లాంట్. తల వెనక నుంచి ఒక్కొక్క వేరు తీసి ముందు నాటుతరు. మూడో రోజు నుదురు వాచి కండ్ల దాకా దిగింది. మూడో వారానికి నాటినయి అన్నీ రాలినయి, రాత్రంతా ఏడ్చిన. అవి రాలుడు మామూలేనట, నాలుగో నెలకు మొలకలొచ్చినయి. జడల కలిసి దువ్వుకునేసరికి ఏడాది పట్టింది.

నాకు మొదట హైదరాబాద్‌ల ఒక క్లినిక్‌ల స్కేలు పెట్టినట్టు తిన్నటి గీత గీసిన్రు. నాటేది ఎవరని అడిగితే టెక్నీషియన్ అన్నరు. లేచి వచ్చేసిన. 2022ల నేషనల్ మెడికల్ కమిషన్ (దేశంల డాక్టర్లకు నియమాలు పెట్టే సంస్థ) చెప్పింది, సర్జరీ శిక్షణ ఉన్న డాక్టరే చేయాలె, యూట్యూబ్ చూసి నేర్చుకుంటే చాలదు అని. రెండోచోట డాక్టరమ్మ అంచుకు ఒంటి వెంట్రుకల గ్రాఫ్టులే (ఒక్కటే వెంట్రుక ఉన్న వేర్లు) వాడి, కొంచెం వంకరటింకరగ నాటింది. పుట్టుకతో వచ్చిన జుట్టు అంచు ఎవరిదీ సాపుగ ఉండదు.

జవాబు (వనపర్తి)

ఒక మాట కలుపుత బిడ్డా. ముట్లాగినంక నాకు నుదురు ఏడాదికేడాది వెనక్కి పోయింది, కనుబొమ్మలు కూడ పల్చబడినయి. ఆ తోలు మీద వేరు రంధ్రాలే కనపడవు, మెరుస్తది. అది వేరే జబ్బు, ఫ్రంటల్ ఫైబ్రోజింగ్ అలోపేషియా అన్నరు. జబ్బు నడుస్తుండంగ ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే నాటినయి కూడ పోతయట, ముందు మందులతో ఆపాలె. మీ ఇంట్ల పెద్దవాళ్లకు గిట్ల కనపడితే చర్మం డాక్టర్‌కు చూపించున్రి.

ప్రశ్న అడిగినామె

అక్కా, ఇప్పుడే ఫోన్ టార్చ్ పెట్టుకొని చూసిన. ఎడమ కణత మీద మీరు చెప్పినట్టే సన్నటి అంచు ఉంది, వేలుతో ముట్టుకుంటే తెలుస్తున్నయి. అమ్మకు కూడ చూపించిన. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నా జడ విప్పి వదులుగ అల్లింది. సోమవారం నల్లగొండల చర్మం డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోతున్నం.