101 ఎక్స్‌ప్రెస్ లేన్: నేను డబ్బు కట్టి వెళ్తున్నాను, కట్టలేని వాళ్ళ సంగతేంటి?

లక్ష్మి, సన్నీవేల్:

అందరికీ నమస్కారం. నేను సౌత్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక బయోటెక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. వారానికి నాలుగు రోజులు 101 ఫ్రీవే మీద రానూ పోనూ. పొద్దున ఆరు కాకముందే బయల్దేరతాను, పాపను మా ఆయన దింపుతారు, కాబట్టి పొద్దున ఇబ్బంది లేదు. కష్టమంతా సాయంత్రమే. నాలుగున్నరకి ల్యాబ్‌లోంచి బయటపడితే ఎయిర్‌పోర్టు దాటేసరికే బ్రేకు మీద కాలు పడుతుంది. 92 రోడ్డు కలిసే చోట ఇంకా ఘోరం.

పాప డేకేర్ 6 గంటలకు మూసేస్తారు. దాటితే నిమిషానికి 2 డాలర్లు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. కిందటేడు ఫిబ్రవరిలో ఒక వాన రోజు నేను చేరేసరికి 6:11 అయింది. లోపల లైట్లన్నీ ఆర్పేశారు, గుమ్మం దగ్గర ఒక్కటే వెలుగుతోంది. పాప జాకెట్ వేసుకుని, బ్యాగు తగిలించుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పక్కన టీచర్, చేతిలో తాళాలు. "అమ్మా, అందరూ వెళ్ళిపోయారు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ మర్నాటి నుంచి బోర్డు మీద ధర ఎంతున్నా, టోల్ కట్టి వెళ్ళే ఎడమ పక్క ఎక్స్‌ప్రెస్ లేన్‌లోకి వెళ్ళిపోతున్నాను. మళ్ళీ ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

మాది ఎలక్ట్రిక్ కారు. అలాంటి కార్లకు కాలిఫోర్నియా ఇచ్చే క్లీన్ ఎయిర్ స్టిక్కర్ ఉన్నన్నాళ్ళు ఒక్కదాన్నే వెళ్ళినా సగం టోల్ పడేది. 2025 సెప్టెంబర్ 30తో ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు మొత్తం కట్టాల్సిందే. పోయిన నెల 180 డాలర్లు దాటింది. కట్టుకోగలం, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నన్ను తొలిచేస్తున్న విషయం వేరు. మా ల్యాబ్ శుభ్రం చేసే ఆవిడ ఈస్ట్ పాలో ఆల్టోలో ఉంటుంది. ఆవిడా అదే టైముకి, అదే రోడ్డు మీద ఇంటికి వెళ్తుంది. ఆవిడకీ చిన్న కొడుకున్నాడు. మొన్న లిఫ్ట్‌లో కలిసినప్పుడు, "నువ్వు ఆ లేన్‌లో వెళ్తావా, నేనెప్పుడూ ఎక్కలేదు" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఒకే పని టైము, ఒకే రోడ్డు, మా ఇద్దరికీ ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు. నేను 9 డాలర్లు పెట్టి ముందు వెళ్తున్నాను, ఆవిడ పక్క లేన్‌లో ఆగిపోతోంది.

380 ఫ్రీవే నుంచి ఉత్తరంగా శాన్ ఫ్రాన్సిస్కో వైపు కూడా ఈ లేన్లు పొడిగించాలనే ప్రతిపాదన ఉంది కదా. దాని మీద అభిప్రాయం రాసి పంపుదామని కూర్చుంటే, అవును అనాలో కాదు అనాలో నాకే తెలియడం లేదు. తెలిసిన వాళ్ళు చెప్పండి. ఇంకొకటి: నేను ఎక్కినప్పుడు 6.50 అని చూపించి, రెడ్‌వుడ్ సిటీ దగ్గరికి వచ్చేసరికి ధర పెరిగితే నాకు ఏది పడుతుంది?

మూర్తి, మౌంటెన్ వ్యూ:

లక్ష్మి గారూ, నేనైతే కాదనే రాస్తాను. మా ఆవిడా నేనూ ఒకే కారులో రెడ్‌వుడ్ సిటీ వెళ్ళేవాళ్ళం. అక్కడి విపుల్ అవెన్యూ నుంచి దక్షిణానికి అప్పట్లో కార్‌పూల్ లేన్ ఉండేది, ఇద్దరుంటే చాలు, ఉచితం. 2022లో దాన్నే ఎక్స్‌ప్రెస్ లేన్‌గా మార్చి, ఉచితానికి ముగ్గురుండాలన్నారు. ఇద్దరికి సగం. మేం కొత్తగా ఏ తప్పు చేశామని? ఉన్న లేన్ తీసుకుని బోర్డు మార్చి అమ్ముకున్నట్టే కదా.

తిరుమలలో 300 రూపాయల టికెట్ వాళ్ళు చకచకా వెళ్ళిపోతుంటే సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు రోజూ అలా ఉంటుంది. దేవుడి దగ్గరే బాధగా ఉంటుంది, ఇక రోడ్డు మీద చెప్పాలా.

రమణ, శాక్రమెంటో:

నేను ట్రాఫిక్ ఇంజనీర్‌ని, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ముందు లక్ష్మి గారి చిన్న ప్రశ్న. మీరు ఎక్కేటప్పుడు బోర్డు మీద ఏ గమ్యానికి ఎంత చూపించిందో అక్కడి వరకు అంతే పడుతుంది. మీరు లోపల ఉండగా ధర పెరిగినా మీకు పెరగదు. మధ్యలో బయటికొచ్చి మళ్ళీ ఎక్కితే మాత్రం అప్పటి ధర.

ఇక మూర్తి గారి మాట. విపుల్‌కి దక్షిణాన మీరు చెప్పింది నిజం, ఉన్నదాన్నే మార్చారు. అక్కడి నుంచి 380 వరకు మాత్రం కొత్తగా లేన్ వేశారు. ఆ భాగం 2023 మార్చిలో తెరిచారు, రెండూ కలిపి 22 మైళ్ళు. ఈ రెండూ వేరు వేరు న్యాయాలు. కలిపి మాట్లాడితే ఎటూ తేలదు.

తిరుమల పోలిక పెట్టారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. అక్కడ ధర 300 దగ్గరే ఉంటుంది, రోజుకి ఇన్ని టికెట్లు అని ముందే ఆపేస్తారు. అయిపోతే ఎంత డబ్బున్నా దొరకదు. ఇక్కడ టికెట్లు ఆపరు, ధరనే తలుపులా వాడతారు. లేన్ నిండుతున్న కొద్దీ నిమిషాల్లో ధర పెంచుతారు, ఖాళీ అవుతుంటే తగ్గిస్తారు. ఎందుకంటే ఒక ఫ్రీవే లేన్ సాఫీగా సాగుతున్నప్పుడు గంటకు సుమారు 2,000 కార్లను మోస్తుంది. అంతకు మించి దూరాయంటే వేగం విరిగిపోతుంది. అసలు చిక్కు అక్కడే: ఆగుతూ కదలడం మొదలయ్యాక అదే లేన్‌లో గంటకు వెళ్ళే కార్ల సంఖ్య కూడా పడిపోతుంది. ఎక్కువమందికి కావలసిన వేళకే రోడ్డు తక్కువమందిని మోస్తుంది. ఒక్క లేన్‌నైనా ఆ స్థితికి రానివ్వకుండా కాపాడటమే ఈ టోల్ పని. కార్‌పూల్ లేన్‌లోకి టోల్ కట్టేవాళ్ళను రానిస్తే, పీక్ గంటల్లో 90 శాతం సమయం వేగం 45 మైళ్ళకు తగ్గకూడదని ఫెడరల్ చట్టం కూడా చెబుతుంది. ముగ్గురుండాలన్నదీ, ఎలక్ట్రిక్ కార్ల రాయితీ పోవడమూ కొంత ఊపిరి ఇచ్చేవే. ఇద్దరున్న కార్లతోనే చాలా చోట్ల ఆ లేన్లు నిండిపోయేవి.

పక్క లేన్లలో రద్దీ శాశ్వతంగా తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఖాళీ అయిన జాగాలోకి కొత్త కార్లు వస్తాయి. ఎక్స్‌ప్రెస్ లేన్ ఇచ్చేది ఒక్కటే, ఫలానా టైముకి చేరతానన్న భరోసా. అది మీ పాపకి ఎంత విలువైనదో మీరే రాశారు.

కాబట్టి "అవునా, కాదా" అని కాక, ఈ ప్రశ్నలు అడగండి: ఉన్న లేన్ తీసుకుంటారా, కొత్తది వేస్తారా? వచ్చే డబ్బు ఎటు పోతుంది? అదే లేన్‌లో బస్సులు నడుస్తాయా? దక్షిణ కాలిఫోర్నియాలో 91 ఫ్రీవే మీద 1995లో ఇలాంటి లేన్లు మొదట తెరిచినప్పుడు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. పక్కన ఉన్న ఉచిత రోడ్డును వెడల్పు చేయకూడదని ఒప్పందంలో రాసుకున్నారు! జనం ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయారు. చివరికి 2003లో ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 207.5 మిలియన్ డాలర్లు పోసి కొనుక్కుంటే గానీ ఆ ముడి వీడలేదు. 101 లేన్లు ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉన్నాయి. అందుకే మీరు రాసే ఉత్తరానికి విలువ ఉంది.

ఇంకో ముఖ్యమైన మాట. మీ ల్యాబ్ ఆవిడ ఉండే ఈస్ట్ పాలో ఆల్టో శాన్ మాటియో కౌంటీ కిందికి వస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న ఆ కౌంటీ వాళ్ళకి ఈ లేన్ల డబ్బులోంచే టోల్ క్రెడిట్ గానీ, బస్సు, రైళ్ళకు పనికొచ్చే క్లిప్పర్ కార్డు మీద డబ్బు గానీ ఇచ్చే పథకం ఉంది. అర్హులైన వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆవిడకి చెప్పండి.

సుధ, శాంటా క్లారా:

లక్ష్మీ, మేం ముగ్గురం ఆడవాళ్ళం ఒకే కారులో ఆయిస్టర్ పాయింట్ వైపు వస్తాం. కారులో పెట్టుకునే టోల్ ట్యాగ్ మీద, ముగ్గురున్నామని 3 పెట్టుకుంటే ఒక్క సెంటు పడదు. మామూలు ట్యాగ్ కాదు, 1, 2, 3 మార్చుకునే ఫాస్ట్‌ట్రాక్ ఫ్లెక్స్ ఉండాలి. ఒక రోజు 1 మీద వదిలేసి, ముగ్గురం ఉన్నా పూర్తి టోల్ కట్టాం, ఎక్కేముందు చూసుకో. గురువారాలు మాలో ఒకరు రారు, ఆ రోజు నువ్వు రాగలిగితే చెప్పు. నాలుగు ముప్పావుకి బయల్దేరతాం.

మూర్తి, మౌంటెన్ వ్యూ:

రమణ గారూ, కొత్త లేన్‌కీ మార్చిన లేన్‌కీ తేడా ఉందని ఒప్పుకుంటాను. కానీ మాలాంటి ఇద్దరికి ఉచితం తీసేశారన్న బాధ పోదు. పొడిగింపు మీద నేనూ రాస్తాను, ఉన్న లేన్ ముట్టుకోవద్దని.

ప్రసాద్, రెడ్‌వుడ్ సిటీ:

రైలు కూడా ఆలోచించండి. 2024 సెప్టెంబర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే మధ్య కాల్‌ట్రైన్ కరెంటు రైళ్ళే నడుస్తున్నాయి, మునుపటికంటే వేగంగా, తరచుగా. సన్నీవేల్‌లో ఎక్కి సౌత్ శాన్ ఫ్రాన్సిస్కోలో దిగితే ఆఫీసుల వైపు షటిల్స్ ఉంటాయి. నేను వారానికి రెండు రోజులు అలాగే వెళ్తున్నాను.

లక్ష్మి, సన్నీవేల్:

అందరికీ చాలా థాంక్స్. రమణ గారూ, మీ జవాబు మా ఆయనకి కూడా చదివి వినిపించాను. అభిప్రాయం రాసి పంపాను. కొత్త లేన్ అయితేనే సమ్మతమని, ఉన్నది మార్చేటట్టయితే ఇద్దరున్న కార్లకు ఏం చేస్తారో చెప్పాలని, ఆదాయ రాయితీ గురించి ప్రతి బోర్డు పక్కనా స్పానిష్‌లో కూడా రాయించాలని. మూర్తి గారూ, రెండోది మీ కోసమే.

సుధా, వచ్చే గురువారం వస్తున్నాను.

మా ల్యాబ్ శుభ్రం చేసే ఆవిడకి మొన్న చెప్పాను. ఆ పథకం గురించి అస్సలు తెలియదంది. నా ట్యాగ్ చేతిలోకి తీసుకుని 1, 2, 3 మీట అటూ ఇటూ జరిపి చూసి, "దీన్ని ఎక్కడ కొంటారు?" అని అడిగింది. శనివారం వాళ్ళింటి దగ్గరి సేవా కేంద్రానికి పే స్టబ్‌లు పట్టుకుని వెళ్తానంది. బుధవారాలు కొడుక్కి స్పీచ్ థెరపీ ఉంటుందట, రెండుసార్లు ఆలస్యమై అపాయింట్‌మెంట్ పోయిందట. క్రెడిట్ వస్తే ఆ ఒక్క రోజుకే దాచుకుంటానంది.