‘అయ్యో’ మాట కాదా?

పలకాబలపం:
మా అమ్మాయి ఐదో తరగతి. వ్యాసంలో "అయ్యో! పిల్లి పాలన్నీ తాగేసింది" అని రాసింది. పంతులుగారు ‘అయ్యో’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "ఇది మాట కాదు, అరుపు" అని రాశారు. నాకు మనసొప్పలేదు. మీరేమంటారు?

ఎర్రసిరా:
పంతులుగారి మాటే సరైనది. తలుపు సందులో వేలు పడితే "అబ్బా" అంటాం. ఆలోచించి అనం కదా! ‘అయ్యో’కు విభక్తి చేరదు, వాక్యంలో మరో మాటతో పొత్తూ లేదు. పైగా అలవాటైతే పిల్లలు ప్రతి వాక్యానికీ ఒక ‘ఆహా’ తగిలిస్తారు.

ఊకొట్టేవాడు:
వేలు నలిగితే మనం "అబ్బా" అంటాం, ఇంగ్లీషువాళ్ళు "ఔచ్" అంటారు. నొప్పి ఒకటే అయినా మాట వేరు, ఎవరి భాషలో వారు నేర్చుకున్నదే కదా. విభక్తి ‘ఊరికే’కు కూడా చేరదు, అయినా దాన్ని అవ్యయం, అంటే రూపం మారని మాట, అంటాం. ‘అయ్యో’ కూడా అవ్యయమే. ఇక పొత్తు అంటారా, ఆమ్రేడిత సంధికి బడిలో ఏ ఉదాహరణలు చదివాం? ఔర + ఔర = ఔరౌర. ఆహా + ఆహా = ఆహాహా. ఉత్త అరుపులకు సంధి సూత్రం ఎందుకు?

మా అమ్మమ్మ చీకట్లో కథ చెబుతుంటే మేము ‘ఊఁ’ కొట్టాలి. ఆపితే "పడుకున్నావా?" అని అడిగేది. మా ‘ఊఁ’ సాగి సాగి పలచబడుతుంటే తన గొంతూ తగ్గించేది. అన్నాల దగ్గర "ఇంకాస్త పెట్టనా?" అన్నప్పుడు ‘ఊఁ’ అంటే గరిటె కంచంలోకి దిగేది, ‘ఊహూఁ’ అంటే గిన్నెలోకి వెళ్ళిపోయేది. నోట్లో ముద్ద ఉండగానే, పెదవి విప్పకుండా చెప్పిన ఆ రెండింటికీ పూర్తిగా ఎదురెదురు అర్థాలు. వీటిని మాటలు కావంటే నేను ఒప్పుకోలేను.

ఎర్రసిరా:
ఔరౌర విషయం ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. కానీ మీ అమ్మమ్మ మీ గొంతు విన్నారు. కాగితానికి గొంతు లేదు. ‘అబ్బా’ నొప్పికీ అదే, విసుగుకీ అదే, మెచ్చుకోలుకీ అదే. చదివేవారికి ఎలా తెలుస్తుంది?

రాత్రిబస్సు:
పక్క మాటల వల్ల తెలుస్తుంది. "అబ్బా, ఎంత తియ్యగా ఉందో!" అని చదివి ఎవరికో దెబ్బ తగిలిందనుకుంటామా? 2016లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సైతం ‘అయ్యో’ను చేర్చుకుంది. అక్కడ చోటు దొరికిన మాటకు మన పిల్లల నోటుపుస్తకంలో ఎర్ర సున్నానా?

పలకాబలపం:
ఇందాక ‘అయ్యో’ తీసేసి చదివి చూశాను. "పిల్లి పాలన్నీ తాగేసింది." పిల్లికి కడుపు నిండిందని సంతోషమో, పాలు పోయాయని బాధో తెలియడం లేదు. అవి తమ్ముడి కోసం దాచిన పాలు. రేపు బడికి వెళ్ళి ఔరౌర సంగతి పంతులుగారితో మాట్లాడతాను.