రంగు పిల్లల కోసం పాములను జత కట్టించడం తప్పా?

హన్మకొండ పోరడు:
హైదరాబాద్‌లో తెలిసినాయన దగ్గర బాల్ పైథాన్ల (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువలు) జోడీ ఉంది. చూడటానికి మామూలు గోధుమ రంగే కానీ, రెండింటిలోనూ అల్బినో జన్యువు, అంటే ఒంట్లో నలుపు లేకుండా చేసేది, దాగి ఉందట. నాకు ఇస్తానంటున్నాడు. తెలుపు, పసుపు పిల్లలు తీద్దామని నా ఆశ. "రంగు కోసం మూగజీవాలతో ఆటలా?" అని మా అన్న ఒకటే గొడవ. మీరేమంటారు?

అడవి బాట, ములుగు:
మీ అన్న మాటే నాది. 'స్పైడర్' అనే రకం సంగతి తెలుసా? 1999లో అమెరికాలో దాన్ని మొదటిసారి పెంపకంలో పుట్టించారు. ఒంటి మీద సన్నని నల్ల గీతలతో అందంగానే ఉంటుంది. కానీ ఆ జన్యువు ఉన్న పాముకు ఎంతో కొంత తల వణుకు తప్పదు. ఎలుక మీదికి దూకితే గురి తప్పుతుంది. ముదిరితే తల మెలి తిరిగి గడ్డం ఆకాశం వైపు లేస్తుంది, ఏది పైనో ఏది కిందో దానికే తెలియదు. 2022లో స్కాన్ తీసి చూస్తే లోపలి చెవి నిర్మాణంలోనే లోపం కనిపించింది. వణుకు కళ్లముందే ఉన్నా అన్నేళ్లూ అమ్ముతూనే వచ్చారు.

గప్పీ కరీంనగర్:
అన్నా, అతను అడిగింది అల్బినో గురించి, మీరు చెప్పింది స్పైడర్ గురించి. అల్బినో 1992 నుంచి, తెల్ల మచ్చల పైబాల్డ్ 1997 నుంచి పెంపకంలో ఉన్నాయి. వాటికి ఈ వణుకు లేదు. పైగా ఈ మార్పులను మనిషి సృష్టించలేదు, ఆఫ్రికా అడవుల్లో పుట్టినవాటి నుంచే వచ్చాయి. మానాల్సినవి వేరే ఉన్నాయి. కారమెల్ అల్బినో అనే వేరే రకంలో వెన్ను వంకర్లు కనిపిస్తాయి. 'డెజర్ట్' రకం ఆడవాటికి గుడ్లు కడుపులోనే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది. ఏ రంగుకు ఆ రంగే చూడాలి గానీ, అన్నిటినీ ఒకే గాటన కడితే ఎట్లా?

లెక్కల సారు, జగిత్యాల:
ఆరోగ్యం సంగతి ఒప్పుకుంటాను. నా భయం మిగిలిన పిల్లల గురించే. అల్బినో కనిపించాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువు రావాలి. ఈ జోడీకి ఒక్కో గుడ్డులో అల్బినో పడే అవకాశం నాలుగింట ఒకటి. ఆరు గుడ్లు పెడితే ఒకటో రెండో పడొచ్చు, అసలు పడకపోవచ్చు కూడా. మిగతావన్నీ గోధుమ రంగే. వాటిలో ఏది జన్యువు మోస్తోందో కంటితో చూసి చెప్పలేం. అందుకే వాటికి '66 శాతం హెట్' అని పేరు పెట్టి అమ్ముతారు; హెట్ అంటే జన్యువును బయటికి కనిపించకుండా మోసేది. అంటే మూడింట రెండొంతుల ఆశను డబ్బిచ్చి కొనడం! ఆ మామూలు పిల్లలు ఎవరికి కావాలి తమ్మీ? ఒక్కోటి ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. పరీక్షలో అల్బినోకు వంద మార్కులేసి మిగతా పిల్లలను బడి బయట నిలబెట్టినట్టుంది నాకు.

కాజీపేట జంక్షన్:
ఇంకోటి. గుడ్లను దాదాపు రెండు నెలలు 31, 32 డిగ్రీల దగ్గర నిలపాలి. మన దగ్గర మే నెలలో బయట 44. పొదిగే పెట్టెకు వేడి ఇవ్వడం సులువే, కరెంటు పోయినప్పుడు చల్లగా ఉంచడమే గండం. ఇక కాగితాల మాట. ఈ పాము సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణతో అలాంటివి వన్యప్రాణి చట్టం కిందికి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా తెలపాలి. మన దేశపు కొండచిలువ అయితే అదే చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జీవి, దాన్ని ముట్టుకుంటేనే కేసు. పక్కింటివాళ్లకు రెండింటికీ తేడా తెలియదు, ముందు పోలీసులకే ఫోన్ చేస్తారు!

హన్మకొండ పోరడు:
మామూలు పిల్లలు పుడితే నేనే ఉంచుకుంటా సారూ.

లెక్కల సారు, జగిత్యాల:
మొదటి ఏడాది నాలుగు పిల్లలను ఉంచుకుంటావు. మరి రెండో ఏడాది?

గప్పీ కరీంనగర్:
అందుకే ఒకసారి తీసి ఆపెయ్ తమ్మీ. ఆ తర్వాత ఆడది, మగది వేర్వేరు డబ్బాల్లో ఉంటే సరి. ఒక్కసారికి కూడా వద్దంటే నేను ఒప్పుకోను. ఇంతకీ ఆయన రిజిస్ట్రేషన్ చూపించాడా?

హన్మకొండ పోరడు:
అడిగాను. "అవన్నీ తర్వాత చూద్దాం, ముందు తీసుకుపో" అన్నాడు.

గప్పీ కరీంనగర్:
అయితే ఈ జోడీ వద్దు. మిగతా చర్చ ఎంతసేపైనా చేద్దాం.