ఎక్స్ రుణ అనంతానికి వెళ్తే నా లెక్కలో హారం సున్నా ఎందుకవుతోంది?

ఇంటర్ ఫస్టియర్ లిమిట్స్ (అవధులు) సొంతంగా చదువుకుంటున్నాను. ధన అనంతం లెక్కలు బాగానే వస్తున్నాయి. లవంలో, హారంలో పెద్ద ఘాతం చూసుకుని దాంతో భాగిస్తే చాలు. రుణ అనంతం దగ్గరే రెండు రోజులుగా ఆగిపోయాను.

లెక్క ఇది: ఎక్స్ → −∞ అయినప్పుడు √(ఎక్స్² + 4ఎక్స్) + ఎక్స్ అవధి ఎంత?

ముందు సంయుగ్మంతో, అంటే మధ్య గుర్తు మార్చిన √(ఎక్స్² + 4ఎక్స్) − ఎక్స్‌తో, గుణించి భాగించాను. 4ఎక్స్ / (√(ఎక్స్² + 4ఎక్స్) − ఎక్స్) వచ్చింది. తర్వాత పైనా కిందా ఎక్స్‌తో భాగించాను. వర్గమూలం లోపలికి ఎక్స్²గా తీసుకెళ్లాను కాబట్టి 4 / (√(1 + 4/ఎక్స్) − 1) అయింది. అంటే హారం 1 − 1, సున్నా! మూడుసార్లు మొదటినుంచి చేశాను, అదే వచ్చింది.

క్యాలిక్యులేటర్‌లో విలువలు వేసి చూస్తే ఎక్స్ = −100 దగ్గర −2.0204, −1000 దగ్గర −2.0020. జవాబు −2 అని స్పష్టంగా కనిపిస్తోంది. పుస్తకం వెనకా అదే ఉంది. సంయుగ్మం మెట్టులో −1000 వేసినా −2.0020 వస్తోంది కాబట్టి తప్పు ఆ తర్వాతే జరిగింది. √ఎక్స్² = ఎక్స్ అనుకోవడం మీదే నా అనుమానం.

ఎక్స్ రుణాత్మకమైనప్పుడు దాన్ని వర్గమూలం లోపలికి తీసుకెళ్తే గుర్తు ఎలా మారుతుందో, ఆ ఒక్క మెట్టు రాసి చూపిస్తారా?