ఉచిత కోర్సు మెటీరియల్ వాడించే పని విద్యార్థులదా, కాలేజీదా?

ట్రిపుల్‌ఈ_థర్డ్‌ఇయర్
ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతున్నాయి. అమెరికాలో ఎంఐటీ వాళ్ళ ఉచిత పాఠాల సైటు ఓపెన్ కోర్స్‌వేర్ ఉంది, అక్కడే రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఉచిత ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు ఉన్నాయి. అయినా మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) ముందు రోజు అందరం జిరాక్స్ షాపు ముందే నిలబడతాం, స్పైరల్ బైండింగ్ నోట్స్ కోసం. వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే రెండు లైకులు పడతాయి, తెరిచేవాడు ఉండడు. లెక్చరర్లు చెప్తారని కూర్చుంటే ఈలోగా మన డిగ్రీ అయిపోతుంది. ఈ పని విద్యార్థులే ఎత్తుకోవాలని నా వాదన. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

గోదారిగట్టు
కాదంటాను తమ్ముడూ. పేపర్ సెట్ చేసేవాళ్ళు ఏ పుస్తకం చూస్తారో పిల్లలూ అదే చూస్తారు. సిలబస్ కాపీ చివర టెక్స్ట్ బుక్స్, రిఫరెన్స్ బుక్స్ అని జాబితా ఉంటుంది కదా, అందులో పేరు లేని పుస్తకం ఎంత గొప్పదైనా ఎవరూ ముట్టరు. ఆ జాబితా సిలబస్ తయారుచేసే కమిటీ, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంటుంది. మీది సొంతంగా సిలబస్ వేసుకునే అటానమస్ కాలేజీ అయితే ఆ బోర్డు మీ క్యాంపస్‌లోనే కూర్చుంటుంది, పూర్వ విద్యార్థికీ అందులో ఒక సీటు ఉంటుంది. ఆ సీనియర్ ఎవరో కనుక్కుని వెంటపడండి. పోస్టర్లు, అవగాహన సదస్సులు ఫొటోలకు తప్ప ఎందుకూ పనికిరావు.

చాక్‌పీస్_మేడమ్
నేను పాఠాలు చెప్పేదాన్ని. కాలేజీ మీద వదిలేస్తే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాను. సెక్షన్‌కు ఇంతమంది ఎన్‌పీటెల్‌లో చేరాల్సిందే అని మాకు టార్గెట్ పెట్టారు. చివరి మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. ఆ పాతిక కోసం గడువుకు ముందే జవాబులు టెలిగ్రామ్‌లో తిరుగుతాయి. వీడియో ఒక్కటీ చూడకుండా అసైన్‌మెంట్లలో ఫుల్ మార్కులు! పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. పిల్లలకు గుర్తుండేది ఆ ఫీజే. బలవంతం చేశాక ఇష్టం ఎక్కడ మిగులుతుంది?

ట్రిపుల్‌ఈ_థర్డ్‌ఇయర్
నేనూ అదే అంటున్నాను మేడమ్. పిల్లలు తెరవకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. నలభై గంటల కోర్సు లింకు ఇస్తే, రేపటి మిడ్‌కు అందులో ఏ ముక్క చూడాలో ఎవరికి తెలుసు? జిరాక్స్ నోట్స్ గెలిచేది అక్కడే, అది యూనిట్ ప్రకారం ఉంటుంది. మేమూ ఏ యూనిట్‌కు ఏది చూడాలో రాసి ఒక షీట్ చేశాం. మా మ్యాథ్స్‌లో చివరి యూనిట్ గ్రీన్, గాస్, స్టోక్స్ సిద్ధాంతాలు. ఓపెన్‌స్టాక్స్ కాలిక్యులస్ మూడో వాల్యూమ్‌లో గ్రీన్ 6.4, స్టోక్స్ 6.7, గాస్‌ది 6.8లో డైవర్జెన్స్ థీరమ్ పేరుతో ఉంది. లాప్లాస్ యూనిట్‌కు ఆ పుస్తకంలో ఏమీ లేదు, దానికి ఎంఐటీలో 18.03 నంబరు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కోర్సు వీడియోలు పెట్టాం. ప్రతి వరుస పక్కన పాత పేపర్ ప్రశ్న ఒకటి. షీట్ పెట్టిన రోజు నుంచి మా సెక్షన్‌లో లింకులు అడిగి తీసుకుంటున్నారు.

బ్యాక్‌లాగ్_బాబాయ్
ఇంత కష్టం దేనికి బ్రో? టెలిగ్రామ్‌లో అన్ని టెక్స్ట్ బుక్కుల పీడీఎఫ్‌లూ ఉన్నాయిగా. అవీ ఫ్రీయేగా!

గోదారిగట్టు
అది స్కాన్ చేసి పెట్టిన దొంగ కాపీ నాయనా. ఓపెన్ అంటే రాసినవాళ్ళే లైసెన్స్ ఇచ్చి వదిలింది. ఓపెన్‌స్టాక్స్ కాలిక్యులస్‌ను నువ్వు ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. లాభానికి అమ్మకూడదు, మార్చి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి, అంతే. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు మీద పుస్తకాల కంపెనీలు వేసిన కేసులో 2016లో హైకోర్టు షాపు వైపే చెప్పింది కదా అనకు. అది పుస్తకాల్లోంచి కొన్ని భాగాలు తీసి తరగతి కోసం తయారుచేసిన కోర్స్ ప్యాక్‌ల సంగతి, మొత్తం పుస్తకాన్ని టెలిగ్రామ్‌లో పెట్టడం గురించి కాదు.

పల్లెటూరి_కోడర్
నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఎన్‌పీటెల్‌లో కొందరు సార్ల ఇంగ్లీష్ వేగం నాకు అందదు. స్పీడ్ 0.75లో పెట్టి, సబ్‌టైటిల్స్ చదువుతూ, మధ్యలో ఆపుకుంటూ చూస్తాను. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో కొన్నింటికి తెలుగు ఆడియో ఉంది, ఒక్కోటి పది నిమిషాల చిల్లర. నాకు అవే పనికొచ్చాయి. మీ షీట్‌లో తెలుగు కాలమ్ కూడా పెట్టండన్నా. ఇంకో మాట. అదే ఐఐటీలో ఫాసీ అనే ప్రాజెక్టు ఉంది. టెక్స్ట్ బుక్కులోని సాల్వ్డ్ ఎగ్జాంపుల్స్‌కు విద్యార్థులతో సైలాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాయించి అందరికీ ఉచితంగా పెట్టింది, రాసినవాళ్ళకు పారితోషికం కూడా ఇచ్చింది. వాడమని బతిమాలడం కంటే తయారీలో చెయ్యి పెట్టించడం మేలు. తను చేసినదాన్ని ఎవడైనా పదిమందికి చూపిస్తాడు.

గోదారిగట్టు
సరే, షీట్ బాగుంది. రేపు రెగ్యులేషన్ (సిలబస్ నిబంధనలు) మారి యూనిట్లు అటూ ఇటూ అయితే? మీరు పాసై వెళ్ళిపోతారు, తప్పు షీట్ జూనియర్ల మెడకు చుట్టుకుంటుంది.

చాక్‌పీస్_మేడమ్
అందుకే ఎడిట్ హక్కు ఒక్కరి దగ్గర ఉంచకండి. ప్రతి సెక్షన్ క్లాస్ ప్రతినిధికి (సీఆర్) ఇవ్వండి, పైన రెగ్యులేషన్ పేరు, తేదీ వెయ్యండి. సెమిస్టర్ మొదలయ్యే వారం ముందు సబ్జెక్ట్ చెప్పేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పుడు మేం లెసన్ ప్లాన్ రాస్తూ ఉంటాం, ఇంకో రెండు కాలమ్‌లు కలపడం మాకు బరువేమీ కాదు. మిడ్స్ అయ్యాక తెస్తే మాత్రం నేనూ చూడను.